దోర్నాల దాటాక సిగ్నల్ ఉండదు

మార్కాపురం అనగానే ముందుగా గుర్తొచ్చేది పలక. ఒకప్పుడు తెలుగునాట బడికెళ్లే పిల్లల చేతుల్లో కనిపించిన రాతిపలకల్లో ఎన్నో ఆ చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చినవే. అలాంటి ఊళ్లో పుట్టినవాడికి అక్షరాలతో పని పడటం వింతేమీ కాదు. అతని తండ్రి వృత్తి కూడా అక్షరాలే. బోర్డులు రాసేవారాయన. కిరాణా కొట్లు, టైలరు షాపులు, పలకల ఫ్యాక్టరీలు, ఎన్నికలొస్తే గోడలు... ఊళ్లో ఏ వీధిలోకి వెళ్లినా ఆయన చేతి రాత ఒకటైనా కనిపించేది.

సుద్ద పూసిన దారంతో రెండు గీతలు కొట్టి, వాటి మధ్య చాక్‌పీసుతో అక్షరాల ఆకారం గీసుకుని, ఆ తర్వాతే బ్రష్షు పట్టుకునేవారు. ఇంతవరకూ బోర్డు రాసే వాళ్లందరూ చేసే పనే. ఆయన అలవాటు మరొకటుంది. రాయడం అయిపోగానే షాపు యజమానిని పిలిచి చూపించరు. నిచ్చెన దిగి రోడ్డు దాటి, అవతలి పక్క నుంచి కొత్తవాడిలా నడుచుకుంటూ వచ్చేవారు. కాసేపు ఆగి, బస్సు వెళ్తుంటే దాని కిటికీల ఎత్తు చూసేవారు. 'డబ్బులిచ్చేది షాపాయనేరా, కానీ చదివేది ఆ బస్సులో పోయేవాడు' అనేవారు పక్కన రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డ కొడుకుతో. అప్పటికి ఆ కుర్రాడికి పదకొండేళ్లు. ఎండలో నిలబడలేక, ఇంటికెప్పుడు వెళ్దామా అని చూసేవాడు.

ఆ కుర్రాడే ఇప్పుడు హైదరాబాద్‌లో వెబ్ డిజైనర్. వయసు నలభై అయిదు దాటింది. రెండు గదుల ఆఫీసు, తనతో కలిపి నలుగురు మనుషులు. పెద్ద పెద్ద కంపెనీలకు చేసిన పేరేమీ లేదు. డిగ్రీ కాలేజీలు, విత్తనాల డీలర్లు, చిన్న ఆసుపత్రులు, చీరల షాపులు... ఇవీ అతని ఖాతాదారులు. ఏటా సంక్రాంతి వెళ్లాక వారం రోజులు మాత్రం ఆఫీసుకు రాడు. ఎక్కడికి వెళ్తాడో అందరికీ తెలుసు. నల్లమల.

అడవిని అతనికి పరిచయం చేసింది కూడా రంగు డబ్బానే. తొంభైల మొదట్లో తండ్రికి అటవీశాఖ బోర్డులు రాసే పని వచ్చింది. మార్కాపురం నుంచి దోర్నాల సుమారు ముప్పై కిలోమీటర్లు. అక్కడి నుంచి శ్రీశైలం దాకా దారి పొడవునా అడవే. 'హారను మోగించరాదు', 'నిప్పు రాజేయరాదు', 'వన్యప్రాణులకు ఆహారం పెట్టరాదు'... ఎన్ని 'రాదు'లు రాశారో లెక్కలేదు. వేసవి సెలవుల్లో కొడుకు కూడా వెంట వెళ్లేవాడు. ఆ రోజుల్లో నల్లమలలోకి వెళ్లడమంటే పులి భయం కన్నా వేరే భయాలే ఎక్కువ. అటు దళాలు, ఇటు పోలీసులు. ఇంట్లో తల్లి వద్దనేది. అయినా వెళ్లేవారు. పనిని బట్టి డబ్బులు గదా!

1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన అడవి అది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. రాష్ట్రం రెండయ్యాక కృష్ణకు ఉత్తరాన తెలంగాణ వైపున్న భాగం అమ్రాబాద్ అభయారణ్యమైంది. పులులకు ఆ సంగతి తెలియదు కాబట్టి నదిని ఈదుకుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. కానీ పదకొండేళ్ల పిల్లాడికి అక్కడ పులి కనిపించలేదు. కనిపించింది ఒక చెంచు పెద్దాయన. అటవీశాఖలో వాచర్. మాట తక్కువ మనిషి.

దారి మధ్యలో మెత్తటి దుమ్ము ఉన్నచోట ఆ పెద్దాయన పక్కకు దిగి నడిచేవాడు. పిల్లాడు దుమ్ములో కాళ్లేసుకుంటూ వెళ్తుంటే చెయ్యి పట్టి పక్కకు లాగాడు. 'రాత్రి ఎవరెవరు పోయినారో ఈడ రాసిపెట్టి ఉంటాది అబ్బోడా. నువ్వు తొక్కితే నేనేం చదివేది?' అన్నాడట. దుప్పి గిట్టలు, కణితి గిట్టలు, అడుగు లోపలికి తిరిగిన ఎలుగుబంటి పాదం... దుమ్ములో రాత ఉంటుందని, దాన్ని చదివేవాళ్లుంటారని ఆ కుర్రాడికి తెలియడం అదే మొదలు. మరోసారి తేనె తీస్తుండగా చూశాడు. చెంచులు కొండచరియల మీది తేనె తీయడానికి తాడు మీద వేలాడుతూ దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది అంటారు. అక్కను విధవను చేసుకోడు గదా అని! అంత కష్టపడి దిగినవాడు పట్టు మొత్తం కోసుకురాడు. కొంత ఈగలకు వదిలేసి వస్తాడు. మిగిలిన కాస్తా ఎందుకు తేలేదని కుర్రాడు అడిగితే, పెద్దాయన ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు.

2000 తర్వాత ఊళ్లలోకి ఫ్లెక్సీలు వచ్చాయి. గంటలో బోర్డు, అందులో ఫొటోలు, ఏ రంగు కావాలంటే ఆ రంగు. రెండు మూడేళ్లలో తండ్రి చేతిలో పని సన్నగిల్లింది. ఆయన ఎవరినీ తిట్టలేదు. బ్రష్షులన్నీ కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు. అప్పటికి కొడుకు బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేశాడు. 2002లో అందరిలాగే అమీర్‌పేటలో దిగాడు. మైత్రీవనం చుట్టూ వందల కోచింగ్ సెంటర్లు. అందరూ జావా, ఒరాకిల్ అంటుంటే అతనికి మాత్రం తెర మీద అక్షరాలు పేర్చే పని నచ్చింది. స్నేహితులు నవ్వారు. అందులో జీతాలు తక్కువ మరి.

వెబ్ గురించి చదివేకొద్దీ అతన్ని ఆశ్చర్యపరిచింది దాని పుట్టుక. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్ లీ తయారుచేసిన ఈ సాంకేతికతను 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ లోకానికి ఉచితంగా ఇచ్చేసింది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. 1991 నాటి తొలి వెబ్‌సైట్‌ను 2013లో మళ్లీ పాత చిరునామాలోనే పెట్టారు. దాన్ని నేటి సెల్‌ఫోన్‌లో తెరిచినా అక్షరాలు తెర వెడల్పుకు తగ్గట్టు సర్దుకుంటాయి. ఎందుకంటే అందులో అలంకారమేమీ లేదు, అడ్డం వచ్చేదీ లేదు. 2003లో కెనడా డిజైనర్ డేవ్ షే 'సీఎస్ఎస్ జెన్ గార్డెన్' అని ఒకటి మొదలుపెట్టాడు. లోపలి విషయంలో ఒక్క అక్షరం మార్చకుండా, పైరూపం మాత్రం ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చి చూపించే ప్రదర్శన అది. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి మరీ రోజూ దాన్నే చూస్తూ కూర్చునేవాడు.

తెలుగుతో వేరే బాధ. ఆ రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు చదవాలంటే ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు దించుకోవాలి. లేకపోతే తెరనిండా పిచ్చి గీతలే. యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దొరికినా, మామూలు కంప్యూటర్లలోకి అది వచ్చింది విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చాకే. డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఇచ్చారు. ఇప్పుడు మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన... ఇన్ని ఫాంట్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. అయినా కష్టం తీరలేదు. ఇంగ్లిషు అక్షరాల కొలతతో వేసిన బటన్లలో, పట్టీల్లో తెలుగును కూర్చోబెడితే ఒత్తులు తెగిపోతాయి. 'శ్రీ'లో కిందిది, 'స్త్రీ'లో కిందివి రెండూ... గడప తగిలి కాలు విరిగినట్టుంటాయి.

ఇది కనిపెట్టింది తండ్రే. ఒకసారి హైదరాబాద్ వచ్చినప్పుడు కొడుకు చేసిన ఒక కాలేజీ సైటును ఫోన్‌లో చూపిస్తే, దాన్ని చేతికి అందినంత దూరం పెట్టి చూశారు. బాగుందనలేదు. 'వరసకీ వరసకీ మధ్య ఇంకో వేలు చోటు వదలరా. వత్తు ఊపిరాడక చచ్చిపోతోంది' అన్నారు. ఆ రోజు నుంచి అతను చేసే ప్రతి తెలుగు పేజీలోనూ వరుసల మధ్య దూరం కాస్త ఎక్కువే ఉంటుంది. ఆఫీసులో దాన్ని 'నాన్నగారి వేలు' అంటారు.

అతని ఆఫీసులో ఇంకో పరీక్ష కూడా ఉంది. దాని పేరు దోర్నాల పరీక్ష. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. కొంత దూరం వెళ్లాక ఏమీ ఉండదు. ఉన్న ఆఖరి గీత దగ్గర పేజీ తెరుచుకుంటుందా లేదా... అదీ ప్రశ్న. ప్రతిసారీ అక్కడికి వెళ్లలేరు కాబట్టి, బలహీనమైన సిగ్నల్‌ను కంప్యూటర్‌లోనే అనుకరించి చూసే వీలు వాడుకుంటారు. ఈ మధ్యకాలపు లెక్కలు చూస్తే, వెబ్‌లో సగానికి సగం పేజీలు రెండు మెగాబైట్లు దాటినవే. అందులో చదవాల్సిన మాటలు ఎన్ని? పది కిలోబైట్లుంటే గొప్ప. మిగతాదంతా ఫొటోలు, కదిలే బొమ్మలు, ఫాంట్లు, చూసేవాడు ఎవరో ఎక్కడ నొక్కాడో గమనించి ఎక్కడెక్కడికో పంపే ప్రోగ్రాములు. డేటా ఖర్చు మాత్రం చదివేవాడిది. ఆసుపత్రి ఫోన్ నంబరు కోసం వెతికే మనిషికి ముందు ఆసుపత్రి భవనం వీడియో చూపించడం ఏం మర్యాద అంటాడతను. ఖాతాదారుకు కోపం వచ్చినా సరే, నంబరు అన్నిటికన్నా పైనే పెడతాడు.

చూపులేని ఒక లెక్చరర్ అతని పేజీలకు మరో పరీక్షాధికారి. ఆయన ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెర మీది మాటలు వింటారు. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కర్రన్ 2006లో మొదలుపెట్టింది అది. లెక్చరర్ గారు మొదటిసారి అతని సైటు ఒకటి విని పగలబడి నవ్వారట. బొమ్మలతో పెట్టిన బటన్లకు లోపల పేరు రాయకపోతే ఆ సాఫ్ట్‌వేర్ 'బటన్... బటన్... బటన్...' అని మాత్రమే చదువుతుంది. 'ఇల్లంతా తలుపులే పెట్టావు నాయనా, ఏది వంటిల్లో ఏది స్నానాలగదో ఒక్కదాని మీదా రాయలేదు' అన్నారాయన. ఇప్పుడు ఏ పేజీ అయినా ఆయన విన్న తర్వాతే బయటికి వెళ్తుంది. ఆయన చెప్పే దిద్దుబాట్లకు డబ్బిస్తాడు. స్నేహం కొద్దీ చేయించుకోడు.

ఇంతవరకూ బాగానే ఉంది. మంచి అలవాట్లకు ఖర్చు లేనప్పుడు ఎవరైనా మంచివాళ్లే. 2022లో ఖర్చు వచ్చింది.

అడవి అంచున కొత్తగా కడుతున్న ఒక రిసార్ట్ వాళ్లు పిలిచారు. కరోనా దెబ్బకు రెండేళ్లుగా పనులు సరిగా లేవు. ఈ ఒక్క పనితో ఆఫీసులో ఆరు నెలల జీతాలు గడిచిపోతాయి. పైగా నల్లమల! తనకన్నా బాగా ఎవరు చేస్తారనుకున్నాడు. మొదటి సమావేశంలో వాళ్లు అడిగిన జాబితా చదివితే ఇలా ఉంది. గదులన్నీ ఖాళీగా ఉన్నా సరే 'ఇంకా ఒక్క గదే మిగిలింది' అని తెర మీద రావాలి. పక్కన గడియారం వెనక్కి తిరుగుతుండాలి. భోజనం, ఇన్సూరెన్సు ముందే టిక్కు పెట్టి ఉండాలి, వద్దనుకున్నవాడు వెతుక్కుని తీసేసుకోవాలి. రద్దు చేసుకునే బటన్ సులువుగా దొరక్కూడదు.

వీటికి ఒక పేరుంది. బ్రిటన్‌కు చెందిన హ్యారీ బ్రిగ్నల్ 2010లో వీటిని 'డార్క్ ప్యాటర్న్స్' అన్నాడు. డిజైన్ తెలిసినవాడు ఆ తెలివిని వాడేవాడి మీదికే తిప్పడం. 2023 నవంబర్ 30న మన కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇలాంటివి పదమూడు రకాలు లెక్కగట్టి నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అబద్ధపు తొందర పెట్టడం, అడగని సరుకు బుట్టలో వేయడం ఆ పదమూడులో ఉన్నాయి. కానీ ఇది జరిగింది 2022లో. అప్పటికి అలా పేరుపెట్టి చెప్పిన నిబంధనలు లేవు, 'అందరూ చేస్తున్నదే కదండీ' అన్న మాటే ఉంది. అతను వాదించాడు. ఆశ్చర్యంగా, వాళ్లు కొన్నిటికి ఒప్పుకున్నారు కూడా. గడియారం తీసేయొచ్చన్నారు.

బేరం చెడింది మ్యాపు దగ్గర. ఎక్కడ పులి కనిపించినా గైడ్లు, అతిథులు ఫొటో పెట్టగానే ఆ చోటు మ్యాపు మీద వెలగాలట. దానితోపాటు నీలి సాలీడు ఉన్న చెట్లు కూడా.

ఈ సాలీడు కథ వేరే చెప్పుకోవాలి. ఒళ్లంతా మెరిసే నీలం, మధ్య మధ్య తెల్లటి, పసుపు మచ్చలు. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని తొలిసారి వర్ణించాడు. దొరికింది గుత్తి రైల్వేస్టేషన్ కలప డిపోలో. అందుకే దానికి గుత్తి సాలీడనే పేరు స్థిరపడింది. నిజానికి దాని ఊరు గుత్తి కాదు, కలపతోపాటు రైలెక్కి వచ్చిందంటారు. మళ్లీ దాదాపు వందేళ్ల తర్వాత నంద్యాల-గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. ముసలి చెట్ల తొర్రల్లో ఉంటుంది. మన దేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో దాని పేరుంది. విదేశాల్లో సాలీళ్లను పెంచుకునేవాళ్లకు ఇదంటే మోజు. ఈ ప్రజాతి సాలీళ్ల అంతర్జాతీయ వ్యాపారంపై 2019లో ఆంక్షలు వచ్చింది ఊరికే కాదు.

ఇప్పటి ఫోన్లతో తీసిన ఫొటోలో, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉండొచ్చు. ఫొటో చూసేవాడికి అది కనిపించదు, వెతికేవాడికి కనిపిస్తుంది. అందుకే ప్రకృతి ప్రేమికులు ఫొటోలు పంచుకునే 'ఐనాచురలిస్ట్' లాంటి వేదిక కూడా ప్రమాదంలో ఉన్న జీవులు కనిపించిన అసలు చోటును దానంతటదే మరుగుపరుస్తుంది. అతను తన ఖాతాదారుల ఫొటోలన్నిటిలోంచి ఆ వివరం తీసేసే ఎక్కిస్తాడు. బడి పిల్లల ఫొటోలైనా అంతే. అలాంటివాడిని పట్టుకుని తొర్ర తొర్రకూ దీపం పెట్టమన్నారు!

'మ్యాపు ఒక్కటీ వద్దు. మిగతాదంతా సగం డబ్బులకే చేస్తాను' అన్నాడు. వాళ్లకు కావాల్సింది ఆ మ్యాపే. అన్ని రిసార్టులకూ గదులుంటాయి, అది ఉంటేనే గదా తేడా!

ఆఫీసులో అందరూ అతని పక్షమేమీ కాలేదు. 'మనం కాదంటే ఇంకొకరు చేస్తారు సార్. అడవికి ఒరిగేదేమిటి, మనకు పోయేది తప్ప' అన్నాడు ఒక కుర్రాడు. ఆ ప్రశ్న తీసేయదగ్గది కాదు. అడవికి జనం వస్తేనే కదా అక్కడి చెంచు పిల్లలకు గైడ్లుగా, డ్రైవర్లుగా నాలుగు రూపాయలు వచ్చేది? దోర్నాల దారిలో తుమ్మలబైలు దగ్గర సఫారీ నడుస్తోంది, దాన్ని అతను ఎప్పుడూ తప్పుపట్టలేదు. కుర్రాడికి జవాబు చెప్పలేకపోయాడు. ఇంట్లో భార్య లెక్కల పుస్తకం మూసి ఒకే మాట అంది. 'వద్దంటే వద్దనండి. కానీ పిల్లాడి ఫీజు కట్టే తేదీ కూడా మీరే గుర్తుపెట్టుకోండి.'

గుర్తుపెట్టుకున్నాడు. ఆ ఏడాది కారు అమ్మేశాడు. ప్రశ్న వేసిన కుర్రాడు మూడు నెలల తర్వాత మంచి జీతానికి వేరే చోట చేరాడు. కోపంతో కాదు, అవసరంతో. ఇప్పటికీ దసరాకు ఫోన్ చేస్తాడు. రిసార్ట్ సైటు ఇంకెవరో చేశారు. మ్యాపు మాత్రం పెట్టలేదు. అతను కాదన్నందుకా, ఎవరైనా అభ్యంతరం చెప్పారా, ఖర్చెక్కువైందా... అతనికి తెలియదు. కనుక్కోలేదు కూడా.

ఇరవై ఏళ్లకు పైగా నల్లమల తిరుగుతున్నా అతనికి ఒక్క పులీ ఎదురుపడలేదు. ఈ మాట చెబితే స్నేహితులు జాలిపడతారు. అతనికి ఆ దిగులున్నట్టు కనిపించదు. ఉదయం పూట దుమ్ము దారి పక్కన నడుస్తూ, రాత్రి ఎవరెవరు వెళ్లారో చూసుకుంటాడు. వాచర్ పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఆయన మనవడు ఇప్పుడు దోర్నాలలో జీపు నడుపుతున్నాడు. యాత్రికులను శ్రీశైలం తీసుకెళ్లి తీసుకొస్తాడు.

మొన్నామధ్య ఆ మనవడే అడిగాడు, తన జీపుకు ఒక పేజీ చేసిపెట్టమని. ఇద్దరూ టీ కొట్టు బల్ల మీద కూర్చుని రాసుకున్నారు. పోనురాను ఎంత, ఆగితే గంటకెంత, రాత్రి ఏ వేళకు గేటు మూస్తారు, ప్లాస్టిక్ సీసాలు ఎందుకు తేకూడదు. ఫొటో దగ్గర పేచీ వచ్చింది. మనవడికి పులి బొమ్మ కావాలి. ఇంటర్నెట్‌లో బోలెడు ఉన్నాయిగా! అవి మధ్యప్రదేశ్ పులులు, నల్లమలవి కావన్నాడితను. చివరికి దుమ్ములో పడ్డ అడుగు జాడ ఫొటో పెట్టారు. ఎంత పెద్దదో తెలియడానికి పక్కన ఒక అగ్గిపెట్టె. పేజీ మొత్తం అరవై కిలోబైట్లు దాటలేదు. మొదటి వాక్యం అతనే రాశాడు: 'దారిలో పులి కనిపించకపోవచ్చు.'

'అట్టా రాస్తే ఎవరొస్తారన్నా?' అన్నాడు మనవడు.

వస్తున్నారు. గొప్పగా కాదు, శనాదివారాల్లో జీపు ఖాళీగా ఉండనంతగా. నెల తర్వాత అతను పేజీ తెరిచి చూస్తే, మొదటి వాక్యం కింద ఇంకొకటి వచ్చి చేరింది: 'ఎలుగుబంటి మాత్రం కనిపిస్తుంది.' మార్చడం ఎలాగో నేర్పింది తనే కాబట్టి ఏమనడానికీ లేదు. అయినా ఫోన్ చేసి, అలా ఖాయంగా రాయకూడదు, తీసెయ్యమన్నాడు.

'నిన్న గూడా కనపడిందన్నా' అన్నాడు మనవడు. అంతలోనే జీపు ఘాట్ ఎక్కినట్టుంది. లైను తెగిపోయింది.